మీదే ఊరని ఫోన్‌ని అడిగి చూడండి

బెంగళూరులో ఇద్దరు తెలుగువాళ్లు తారసపడితే మొదటి మాట "తెలుగా?", రెండో మాట "మీదే ఊరు?". మారతహళ్లి టీ కొట్టు దగ్గర, పీజీ మెట్ల మీద, ఆఫీసు లిఫ్టులో ఈ రెండో మాటకి నేనెన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు. ఒక ఆదివారం ఏమీ తోచక అదే మాట నా ఫోన్‌ని అడిగాను. అంటే, అందులో ఉన్న నా లొకేషన్ ఫైలు బయటికి తీసి చదివాను. 'ఇల్లు' అన్న ముద్ర మారతహళ్లి అద్దె ఫ్లాట్ మీద వేసి ఉంది. అనంతపురానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊరికి ఏ ముద్రా లేదు. ఏడాదికి అయిదారుసార్లు పోయివచ్చే ఒకానొక చోటు, అంతే.

తప్పు చెప్పిందా అంటే లేదు. ఏడాదిలో 300 రోజుల పైన నేను పడుకున్నది ఆ ఫ్లాట్‌లోనే. అయినా మనసు ఒప్పుకోలేదు. ఆ పేచీలోంచే ఒక బొమ్మ పుట్టింది. మా హాల్లో అడ్డంగా కట్టిన తెల్ల పంచె మీద, దాని వెనక గోడ మీద, నా ఏడాది మొత్తం 6 నిమిషాల వెలుగుగా నడుస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు పంచెకీ గోడకీ మధ్యలో తిరుగుతారు. మన చుట్టూ గది నిండా వెలుగులు నింపి, ఇమ్మర్సివ్ ఆర్ట్ అని టికెట్ పెట్టి చూపించేవాటికి ఇది పేద చుట్టం. ఒక ప్రొజెక్టర్ అద్దె, ఒక పంచె, రెండు శని ఆదివారాలు ఉంటే మీరూ చేసుకోవచ్చు. కోడింగ్ కొద్దిగా రావాలి. రాకపోతే వచ్చిన రూమ్మేట్ ఉండాలి. బెంగళూరులో అదేమంత కష్టం కాదు.

ముందు ప్రశ్న, తర్వాతే ఫైలు

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఫోన్‌లో ఉన్న డేటా అంతా, అంటే నడిచిన అడుగులు, చూసిన వీడియోలు, కట్టిన బిల్లులు, పెట్టిన మెసేజీలు అన్నీ దింపుకుని, అన్నిటినీ కలిపి చుక్కలుగా మార్చి గిర్రున తిప్పుతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ చుక్కలు మీవో, పక్కింటాయనవో, కంప్యూటర్ తనంతట తాను పుట్టించిన అంకెలో ఎవరూ చెప్పలేరు. దాన్ని స్క్రీన్‌సేవర్ అంటారు.

అందుకే ఒక పరీక్ష పెట్టుకోండి. బొమ్మ తయారయ్యాక మీ డేటా తీసేసి దాని చోట ఉత్త అంకెలు పెట్టి నడపండి. చూసేవాళ్లకి తేడా తెలియకపోతే ఆ బొమ్మ పారేసి మళ్లీ మొదలుపెట్టండి. నేను రెండుసార్లు పారేశాను.

పరీక్షలో నెగ్గాలంటే ప్రశ్న ఒక్కటే ఉండాలి. మెక్సికోలో పుట్టిన రాఫెల్ లొజానో-హెమ్మర్ 2006లో చేసిన 'పల్స్ రూమ్' చూడండి. గది పైకప్పు నిండా వరసగా మామూలు ఫిలమెంట్ బల్బులు. మీరు సెన్సర్ పట్టుకుంటే మీ గుండె ఎలా కొట్టుకుంటుందో అలా ఒక బల్బు వెలిగి ఆరుతుంది. మీ తర్వాత ఇంకొకరు పట్టుకోగానే మీ గుండె పక్క బల్బుకి జరుగుతుంది. ఒక మనిషి, ఒక బల్బు, అంతకు మించి ఏమీ లేదు. బంగ్లాదేశ్‌లో పుట్టిన అమెరికన్ కళాకారుడు హసన్ ఎలాహీది ఇంకో తరహా. 2002లో డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో ఆయన్ని అనుమానంతో ఆపారు. నెలల తరబడి ఎఫ్‌బీఐ విచారణ నడిచింది. ఆ తర్వాత ఆయన తానెక్కడున్నదీ, ఏం తిన్నదీ, ఏ టాయిలెట్ వాడిందీ వేల ఫొటోలతో తానే లోకానికి చూపించడం మొదలుపెట్టాడు. 'నేనెక్కడున్నానో కావాలి, అంతేగా? తీసుకోండి' అన్నట్టు. ఆ ఫొటోల్లో మనుషులు దాదాపు కనిపించరు. అన్నీ తెలుస్తాయి, మనిషి మాత్రం చిక్కడు.

నా ప్రశ్న 'మీదే ఊరు?'. మీది వేరే కావచ్చు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి 'లాస్ట్ నేమ్' అన్న గడి ఎదురైనప్పటి నుంచి ఒక్కో కార్డులో ఒక్కో పేరు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాన్‌లో ఇంకొకటి, బ్యాంకులో ఇంటిపేరు అసలు పేరైపోయి 'డియర్ అడుసుమిల్లి' లాంటి పిలుపు. అయిదు రకాల మీ పేరుతో ఒక బొమ్మ చేయండి, మన వాళ్లెవరికీ వివరించి చెప్పాల్సిన పనుండదు. ఈ వ్యాసంలో మాత్రం ఊరితోనే నడుస్తాను.

ఒక వారం చేత్తో గీయండి

కంప్యూటర్ తెరవకముందు ఒక వారం పాటు పోస్టుకార్డు సైజు అట్ట మీద మీ రాకపోకలు పెన్సిల్‌తో గీయండి. న్యూయార్క్‌లో ఉన్న జార్జియా లూపీ, లండన్‌లో ఉన్న స్టెఫనీ పోసావెక్ 52 వారాలు ఇదే పని చేశారు. వారానికొక విషయం ఎంచుకుని, లెక్కపెట్టి, కార్డు మీద బొమ్మగా గీసి ఒకరికొకరు పోస్టు చేసుకున్నారు. ఆ కార్డులు ఇప్పుడు న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉన్నాయి. మన కార్డు ఫ్రిజ్ మీదికి చేరినా చాలు. చేత్తో గీస్తుంటే ఫోన్ పట్టించుకోనివి కనిపిస్తాయి. నా కార్డులో బుధవారం నాడు ఒక చిన్న సున్నా ఉంది. అది సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో 40 నిమిషాలు కదలకుండా కూర్చున్నది. ఫోన్ దృష్టిలో అదంతా 'ప్రయాణం'.

ఈ వారంలోనే ఒకసారి బళ్లారి రోడ్డులో ఉన్న సైన్స్ గ్యాలరీ బెంగళూరుకో, కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీకో వెళ్లి రండి. మొదటిది 2024లో, రెండోది 2023లో తలుపులు తెరిచాయి. బొమ్మలతో పాటు జనాన్ని చూడండి. ఎక్కడ ఆగుతున్నారు, ఎంతసేపు, ఎప్పుడు ఫోన్ బయటికి తీస్తున్నారు అన్నది గమనించండి. నేను చూసినంతలో ఒక నిమిషంలోపు 'ఇది దేని గురించి' అన్నది అందకపోతే జనం పక్కకి జరిగిపోతారు.

ఫైలు తీయడం

మనం తిరిగిన చోట్లన్నీ రాసిపెట్టే గూగుల్ టైమ్‌లైన్ ఇదివరకు వాళ్ల సర్వర్లలో ఉండేది, కంప్యూటర్‌లో చూసుకునేవాళ్లం. 2024 నుంచి దాన్ని ఫోన్‌లోకే మార్చారు. కాబట్టి ఫైలు ఫోన్ నుంచే తీయాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, లొకేషన్, లొకేషన్ సర్వీసెస్, టైమ్‌లైన్, అక్కడ 'ఎక్స్‌పోర్ట్ టైమ్‌లైన్ డేటా'. ఐఫోన్‌లో అయితే గూగుల్ మ్యాప్స్ సెట్టింగ్స్ లోపల ఉంటుంది. చేతికొచ్చేది ఒక జేసన్ ఫైలు, అంటే పేర్లూ అంకెలూ వరసగా రాసి ఉన్న టెక్స్టు ఫైలు.

రెండు హెచ్చరికలు. టైమ్‌లైన్ మీరు ఆన్ చేసుంటేనే ఏదైనా ఉంటుంది. ఆన్‌లో ఉన్నా, 3 నెలలకొకసారి పాతది చెరిపేసే సెట్టింగ్ పడి ఉండొచ్చు, ముందు అది చూసుకోండి. ఏమీ లేదని తేలితే బెంగపడకండి. ఫొటోల్లో లొకేషన్ ఉంటుంది, యూపీఐ స్టేట్‌మెంట్‌లో ఏ రోజు ఏ కొట్టులో కట్టారో ఉంటుంది, బస్సు టికెట్ల ఎస్సెమ్మెస్‌లు ఉంటాయి. వాటితో తేదీ, ఊరు అని రెండు గళ్ల పట్టిక రాసుకున్నా ఇదే బొమ్మ వస్తుంది, కాస్త ముతకగా.

ఫైలుని ఫైర్‌ఫాక్స్‌లోకి లాగి వదిలితే చెట్టు కొమ్మల్లా విప్పి చూపిస్తుంది. ఆగిన చోట్లు ఒక రకంగా, ప్రయాణాలు ఇంకో రకంగా ఉంటాయి. మనకి కావాల్సింది మూడే ముక్కలు: టైము, అక్షాంశం, రేఖాంశం. ఆండ్రాయిడ్ ఫైలులో అక్షాంశం అంకె చివర డిగ్రీ గుర్తు కూడా ఉంటుంది. ఐఫోన్ ఫైలులో అంకెకి ముందు 'జియో' అన్న మాట ఉంటుంది. వాటిని తీసేయకపోతే ప్రోగ్రామ్ దాన్ని అంకెగా ఒప్పుకోదు, తెర నల్లగా ఉండిపోతుంది. చిన్న సున్నా లాంటి ఆ గుర్తు కోసం నాకు ఒక శనివారం సాయంత్రం పోయింది.

దీనికి యూట్యూబ్ హిస్టరీ కూడా కలపాలనిపిస్తే ఒక మాట గుర్తుంచుకోండి. మన డేటా దింపుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకౌట్‌లో జేసన్ ఫైలుగా తీసుకుంటే, ఆ హిస్టరీ టైము మన టైము కాదు, గ్రీన్‌విచ్ టైము. 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. నేను కలపలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి బుద్ధిగా పాటలు వినే కుర్రాడు కనిపించాడు. ఎవరబ్బా ఇతను అనుకున్నాను. కలిపి చూస్తే ఆ ఎనిమిది కాస్తా అర్ధరాత్రి ఒకటిన్నర అయింది. అప్పుడు గుర్తుపట్టాను. ప్రశ్న ఒక్కటే అని నేనే అన్నాను కాబట్టి ఆ ఫైలు పక్కన పెట్టేశాను.

దాచాల్సింది ముందే దాచండి

ఇది అందరూ చివర్లో చేసే పని, నేను మధ్యలోకి లాక్కొచ్చాను. ఎందుకంటే బొమ్మ అందంగా కుదిరాక దాన్ని చెరపబుద్ధి కాదు.

2013లో వచ్చిన ఒక పరిశోధనలో 15 లక్షల మంది మొబైల్ లొకేషన్లు తీసుకుని చూశారు. పేర్లు లేకపోయినా, ఒక మనిషి ఏ టైముకి ఎక్కడున్నాడన్నది నాలుగు సందర్భాల్లో తెలిస్తే చాలు, 95 శాతం మందిని గుంపులోంచి విడదీయగలిగారు. మీ బొమ్మలో వేల చుక్కలుంటాయి. 'పేరు పెట్టలేదు కదా' అన్న ధీమా పనికిరాదు.

మందు చాలా సులువు. అక్షాంశంలో చుక్క తర్వాత 4 అంకెలుంటే సుమారు 11 మీటర్ల లోపు చోటు తెలిసిపోతుంది, అంటే మీ గేటు. 3 ఉంచితే 110 మీటర్లు, అంటే మీ వీధి. 2 ఉంచితే 1.1 కిలోమీటర్లు, అంటే మీ ఏరియా. మన బొమ్మ పంచె మీద పడినప్పుడు ఒక కిలోమీటరు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. కాబట్టి రెండంకెలకి కుదించినా కంటికి పెద్దగా పోయేదేమీ లేదు. కుదించిన ఫైలుని వేరే పేరుతో దాచి, అసలు ఫైలుని ఇక ముట్టుకోకండి.

మీ డేటాలో మీరొక్కరే ఉండరు. ప్రతి రెండో శనివారం రాత్రి పదకొండు దాకా కోరమంగళలో ఒకే ఇంట్లో ఉన్నారనుకోండి, ఆ ఇంటివాళ్లకి చెప్పారా? డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజులు ఇంట్లోవాళ్లకి తెలుసా? అలాంటి చుక్కలు తీసేయండి, లేదా వాళ్లని అడగండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత అవసరానికీ ఇంటి అవసరానికీ వాడుకునే డేటా జోలికి రాదు. కానీ హాల్లోకి 20 మందిని పిలిచాక అది ఇంకా 'ఇంటి అవసరమేనా' అని వాదించుకునే బదులు ఒక ఫోన్ చేసి అడిగేస్తే పోతుంది. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి తేల్చిన కేసు బెంగళూరు పెద్దాయన పేరు మీదే ఉంది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్ మీద ఆ కేసు వేసేనాటికి ఆయనకి 86 ఏళ్లు. మనకి ఒక ఫోన్ కాల్ చేయడానికి బద్ధకం.

ఇంకో మాట. కోడ్ రాయించుకోవడానికి ఏఐ చాట్‌లో ఫైలు మొత్తం అతికించకండి. మూడు లైన్లు మీరే కల్పించి రాసి, 'ఫైలు ఈ రూపంలో ఉంటుంది' అని చెప్పండి. కోడ్ అంతే బాగా వస్తుంది.

గీత గీయడం

పీ5 జేఎస్ అన్న కోడింగ్ లైబ్రరీ వాడండి. ఉచితం, బ్రౌజర్‌లో నడుస్తుంది, బొమ్మలు వేసేవాళ్ల కోసమే పుట్టింది. దాని ఆన్‌లైన్ ఎడిటర్ సుఖంగా ఉంటుంది కానీ, ఫైలు అక్కడికి ఎక్కించాల్సి వస్తుంది. ఇప్పుడే కదా దాచడం గురించి మాట్లాడుకున్నాం. లైబ్రరీ దింపుకుని మీ ల్యాప్‌టాప్‌లోనే నడపండి. నెట్‌లో ఉన్న పాఠాల్లో చాలావరకు వెర్షన్ 1వి. వెర్షన్ 2లో ఫైలు ముందుగా లోడ్ చేసే 'ప్రీలోడ్' తీసేశారు, అందుకని పాఠం ఏ వెర్షన్‌దో చూసి అదే దింపుకోండి. ఇలాంటి వెలుగు బొమ్మలకి వాడే టచ్‌డిజైనర్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు దానితో చేసుకోవచ్చు. డబ్బు కట్టని వెర్షన్‌లో బొమ్మ 1280 పిక్సెళ్లు దాటదు, మన పంచెకి అది చాలు.

ఇప్పుడు నా బొమ్మలో నాకే తెలియని విషయం బయటపడింది. బెంగళూరు రేఖాంశం 77.59. అనంతపురంది 77.60. అంటే పటంలో అనంతపురం బెంగళూరు నెత్తి మీద సూటిగా కూర్చుంది. ఏళ్ల తరబడి తిరిగిన దారి, ఒక్కరోజు కూడా ఇలా అనుకోలేదు. అక్షాంశంలో తేడా 1.7 డిగ్రీలు, సూటిగా కొలిస్తే 190 కిలోమీటర్లు. ప్రొజెక్టర్ బొమ్మ నిలువు కంటే అడ్డం ఎక్కువ కాబట్టి, పటాన్ని కుడివైపుకి పడుకోబెట్టాను. ఉత్తరం కుడిచేతి వైపుకి వచ్చింది, తూర్పు కిందికి వచ్చింది. ఎడమ చివర బెంగళూరు, కుడి చివర మా ఊరు. మధ్యలో హైవే దేవనహళ్లి, చిక్కబళ్లాపురం మీదుగా తూర్పుకి జరిగి, బాగేపల్లి దగ్గర బాగా పక్కకి పోయి, పెనుకొండకి మళ్లీ దారిలో పడుతుంది. పడుకోబెట్టిన పటంలో ఆ దారి మధ్యలో జానెడు కిందికి వేలాడుతూ కనిపిస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. బొమ్మ అడ్డం 2 మీటర్లు అనుకుంటే, అటూ ఇటూ కొంచెం వదిలి 190 కిలోమీటర్లని 1.8 మీటర్లలో పరచాలి. కిలోమీటరుకి సెంటీమీటరు కంటే కాస్త తక్కువ. మా ఫ్లాట్ నుంచి వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి సుమారు 8 కిలోమీటర్లు. అంటే నా ఏడాదిలో 300 రోజులు ఎడమ చివర బెత్తెడు జాగాలో ఇరుక్కున్నాయి. మిగతా అంత పంచె కొన్ని రాత్రుల బస్సు ప్రయాణాలది. ఆ బెత్తెడుని పెద్దది చేసి చూపించాలని చేతులు దురద పెడతాయి. చేయకండి. ఇరుకే కదా విషయం. అన్నట్టు, రేఖాంశం డిగ్రీకీ అక్షాంశం డిగ్రీకీ దూరంలో తేడా మన దగ్గర 3 శాతమే, దాని గురించి తల పగలగొట్టుకోకండి.

ఒక రోజుకి ఒక సెకను ఇవ్వండి. 365 రోజులు 6 నిమిషాల 5 సెకన్లలో అయిపోతాయి. నేపథ్యం పూర్తి నలుపు ఉండాలి, ప్రొజెక్టర్‌కి నలుపంటే వెలుగు లేకపోవడమే. రంగులు రెండు చాలు. నేను బెంగళూరుకి ట్యూబ్‌లైటు తెలుపు, ఊరికి పాత వీధి దీపం పసుపు ఇచ్చాను. నీలం, ఊదా నియాన్ రంగులు వద్దని నా మనవి, ఇప్పటికే దేశంలో చాలినన్ని ఉన్నాయి.

ప్రతి ఫ్రేమ్‌కీ తెర మొత్తం మీద పలచని నలుపు పూస్తే పాత చుక్కలు మెల్లగా మాసిపోతాయి. ఆ పూత మరీ పలచగా ఉంటే ఒక చిత్రం జరుగుతుంది. రంగులు పూర్తి అంకెల్లోనే ఉంటాయి కాబట్టి ఒక దశ దాటాక లెక్క సున్నాకి దిగదు, బూడిద రంగు మరక ఉండిపోతుంది. ల్యాప్‌టాప్‌లో కనిపించదు, పంచె మీద బాగా కనిపిస్తుంది. రోజూ తిరిగిన మారతహళ్లి దగ్గర దుమ్ము పట్టినట్టు మరక మిగిలింది. రూమ్మేట్ 'అది బగ్ రా, రెండు లైన్లలో పోతుంది' అన్నాడు. పోనివ్వలేదు. మారతహళ్లికి దుమ్ము లేకపోతే ఎవరు నమ్ముతారు?

డేటా లేని రోజులతో ఏం చేయాలి? ప్రోగ్రామర్లకి ఖాళీ కనిపిస్తే పూడ్చాలనిపిస్తుంది, ముందు రోజుకీ తర్వాతి రోజుకీ మధ్య గీత కలిపేస్తారు. అది మాత్రం చేయకండి. ఖాళీని ఖాళీగా నల్లగా వదలండి. ఉగాదికి ఊరెళ్లినప్పుడు నా ఫోన్ ఎద్దుల తొట్టిలో పడింది. తొమ్మిది రోజులు చుక్క లేదు. ఆ ఏడాదిలో నాకు బాగా గుర్తున్న రోజులు అవే. బొమ్మలో అవి తొమ్మిది సెకన్ల చీకటి.

పంచె, ప్రొజెక్టర్, గది

పంచె పలచటి నూలుది కావాలి. చేత్తో పట్టుకుని చూస్తే అవతలి కిటికీ మసగ్గా కనిపించాలి. ఎనిమిది మూరల పంచె వెడల్పు సుమారు 1.25 మీటర్లు. 2 మీటర్ల అడ్డం బొమ్మకి ఎత్తు 1.12 మీటర్లు వస్తుంది కాబట్టి అడ్డంగా కడితే సరిగ్గా సరిపోతుంది. కంచి అంచు పట్టు పంచె వద్దు, వెలుగు అందులోంచి పోదు. పాలియెస్టర్ మెరుస్తుంది. గుండుసూదులు గుచ్చకండి, బట్టల క్లిప్పులు వాడండి. నాన్నది అడిగి తెచ్చుకున్నదైతే మరీను. కింద అంచుకి నాలుగు చోట్ల క్లిప్పుతో నాణేలో, నట్లో తగిలిస్తే ఫ్యాన్ గాలికి ఊగదు.

ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చేటప్పుడు రెండు అంకెలు అడగండి. ఒకటి త్రో రేషియో, అంటే లెన్సు దూరం బొమ్మ అడ్డానికి ఎన్ని రెట్లన్నది. 1.5 అంటే, 2 మీటర్ల బొమ్మకి లెన్సు 3 మీటర్ల వెనక ఉండాలి. రెండోది వెలుగు కొలత, లూమెన్లు, అదీ 'ఆన్సీ లూమెన్లు' అని గుచ్చి అడగండి. చవక పెట్టెల మీద రాసే పెద్ద పెద్ద అంకెలు వేరే కొలతవి. 2000 నుంచి 3000 ఆన్సీ లూమెన్లు ఉంటే చీకటి గదిలో బ్రహ్మాండం. కేబుళ్లు, అడాప్టర్లు, కొక్కేలు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. హెచ్‌డీఎంఐ వైరు మీరనుకున్నదానికంటే రెండు మీటర్లు పొడుగుది కొనండి.

లెన్సు నుంచి 3 మీటర్ల దూరంలో పంచె, దానికి ఒక మీటరు వెనక గోడ. మొత్తం 4 మీటర్లు, 14 అడుగుల హాలు ఉంటే సరి. పంచె కొంత వెలుగుని పట్టుకుంటుంది, కొంత వదిలేస్తుంది. వదిలేసింది వెళ్లి గోడ మీద పడి అదే బొమ్మ 2.67 మీటర్ల అడ్డంతో ఇంకోసారి కనిపిస్తుంది, పెద్దగా, మసగ్గా. మనుషులు నిలబడాల్సింది ఈ మీటరు సందులో.

ఇక్కడ జాగ్రత్త. ఆ సందులో నిలబడి పంచె వైపు తిరిగితే లెన్సు వెలుగు నేతలోంచి సూటిగా కంట్లో పడుతుంది. అందుకే ప్రొజెక్టర్‌ని బీరువా మీదో, నిచ్చెన మీదో తలకంటే ఎత్తులో పెట్టి కిందికి వంచండి. బొమ్మ వంకర పోతే కీస్టోన్ అన్న సెట్టింగ్‌తో సరిచేయండి. గాలి బయటికి వచ్చే రంధ్రాలకి దిండు, గోడ తగలకూడదు. కరెంటు మీద నమ్మకం లేకపోతే, మన ఏరియాల్లో ఎవరికుంది కనక, ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

అన్నీ అమిరాక చేతికి ఒక చక్రం మిగులుతుంది, ఫోకస్ రింగు. పంచె మీద ఫోకస్ పెడితే గోడ మసకబారుతుంది. గోడ మీద పెడితే పంచె మసకబారుతుంది. రెండూ ఒకేసారి స్పష్టంగా రావు. నేను దీన్ని లోపం అనుకుని ఒక గంట కుస్తీ పట్టి, తర్వాత చెయ్యి తీసేశాను. సెన్సర్లు, కెమెరాలు, చెయ్యి ఊపితే చుక్కలు పారిపోయే హంగులు ఏవీ పెట్టుకోలేదు. ప్రొజెక్టర్ పక్కన ఒక స్టూలు వేసి, ఎవరైనా ఎక్కి ఆ రింగు తిప్పుకోవచ్చని చెప్పాను. మీరు లెన్సు మీద చెయ్యి పడకుండా రింగు చుట్టూ ఒక రంగు టేపు అంటించండి.

చప్పుడుకి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. పంచెకి ముందు ఒక స్పీకరు, గోడ పక్కన ఒకటి. ముందుదాంట్లో రాత్రి పదింటి మారతహళ్లి బ్రిడ్జి ట్రాఫిక్, వెనకదాంట్లో తోటలో బోరు మోటారు. రెండూ ఫోన్‌లో రికార్డు చేసినవే, రెండూ సన్నగా వినిపిస్తే చాలు. పాట పెట్టకండి. పాట పెట్టగానే అది పెళ్లి వీడియో అయిపోతుంది.

జనాన్ని పిలిచే రోజు

ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు ఆపేయండి. ఆపేశానని నేననుకున్నాను. మార్చి నెల నడుస్తుండగా పంచె మీద పక్కన పెద్ద గడి తెరుచుకుని, 'మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ సిద్ధం' అని నా పేరుతో సహా వచ్చింది. అందరూ బొమ్మలో భాగమే అనుకుని మెచ్చుకున్నారు. మళ్లీ అంత అదృష్టం పట్టదు, వచ్చేది ఓటీపీ కావచ్చు. స్లీప్ మోడ్, స్క్రీన్ ఆరిపోయే టైమరు కూడా తీసేయండి.

ఒకసారికి అయిదారుగురిని మించి లోపలికి పంపకండి, చెప్పులు బయటే. ముందుగా ఏమీ వివరించకండి. తలుపు మీద 'మీదే ఊరు?' అని కాగితం అంటించాను, అంతే. తొమ్మిది సెకన్ల చీకటి రాగానే ఒకాయన 'కరెంటు పోయినట్టుంది' అని లేవబోయాడు. అప్పుడు బోరు మోటారు ఒక్కటే వినపడుతుంటే మళ్లీ కూర్చున్నాడు. మా ఇంటి ఓనర్ గారిది బాగేపల్లి. కన్నడ, తెలుగు రెండూ ఇంటి భాషలే ఆయనకి. రెండో ఆట నడుస్తుండగా నేరుగా పంచె దగ్గరికి వెళ్లి గీత కిందికి దిగిన చోట వేలు పెట్టి, 'ఇదో, ఇక్కడ మాది' అన్నారు. వేలి నీడ వెనక గోడ మీద ఇంకాస్త పెద్దగా పడింది.

అమ్మని ఊరి నుంచి పిలిపించాను. చుక్కల సంగతి నేను చెప్పబోయేలోపే ఆ గీత వంక చూసి, "ఏమి నాయనా, పంచె కట్టింది చాలక దాని మీద మళ్లీ దండెం గీసినావా?" అంది. స్టూలు ఎక్కనంది. నన్నే ఎక్కి తిప్పమని, గోడ మీద పసుపు చుక్కలు సన్నగా, సూదిమొనల్లా అయ్యేదాకా 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటూ నిలబడింది. బొమ్మకి నేను వేరే పేరు పెట్టాను, అది తీసేసి 'దండెం' అని రాశాను. మీరు కూడా పేరు ముందే పెట్టేసుకోకండి.

అయిపోయాక ప్రొజెక్టర్ ఫ్యాన్ దానంతట అది ఆగేదాకా ప్లగ్ పీకకండి. ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నదైతే ఫైలుని డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి, పెన్‌డ్రైవ్‌లోంచి మూడు చోట్లా తీసేయండి. బ్రౌజర్ హిస్టరీలో కూడా ఒక కన్నేయండి. అసలు ఫైలు ఒక్కటి మీ దగ్గరే, పాస్‌వర్డ్ పెట్టి ఉంచుకోండి, వచ్చే ఏడాదిది పక్కన పెట్టి చూడ్డానికి. పంచె చల్లటి నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. క్లిప్పుల మచ్చలు రెండు ఉతుకుల్లో పోతాయి.